సీటీ లేని పీరియడ్

రాహేలు ఉద్యోగంలో చేరిన తొలిరోజు, తొమ్మిదో తరగతి పిల్లల్ని బడి ఆవరణలోకి తోలుకొచ్చి, గుండెల నిండా గాలి పీల్చి సీటీ ఊదింది. పిల్లలు ఆగలేదు. గోడ అవతల మాత్రం ఒక దున్నపోతు లేచి నిలబడింది.

నిలబడిందంటే లోకంలో ఉన్న దున్నపోతులన్నీ నిలబడ్డట్టు కాదు. వెనక కాళ్ళ మీద నిలబడింది. బడి ప్రహరీగోడ మనిషి కంటే ఎత్తు. దాని మీదుగా ముందు రెండు కొమ్ములు పైకొచ్చాయి. తర్వాత నల్లటి నుదురు, గవ్వల పట్టెడ కట్టిన మెడ, చివరికి గాల్లో ఆడుతున్న రెండు గిట్టలు. నూనె పట్టించిన ఒళ్ళు ఎండకు నిగనిగలాడుతోంది. రాహేలు నోట్లోంచి సీటీ జారి మెడలోని దారానికి వేలాడింది. పుట్టి పెరిగింది పాతబస్తీలోనే అయినా, అంత బరువున్న ప్రాణి అంత ఎత్తుకు లేస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. భయం తర్వాత వేసింది. ముందు మాత్రం, చిన్నప్పుడు చర్చిలో పెద్ద గంట మోగినప్పుడు ఒళ్ళు జలదరించినట్టు జలదరించింది.

"సీటీ కొట్టకుర్రి మేడం! మా దిల్‌దార్ లేస్తది!" అని వెనక వరసలోంచి ఒక పిల్ల అరిచింది. పేరు శ్రీహిత.

ఆ ముక్క దున్న లేవకముందు చెబితే బాగుండేది. గోడ అవతల రేకులు కూలిన చప్పుడైంది. పాలక్యాన్లు దొర్లాయి. ఆ వెనకే ఒక మగగొంతు, సీటీ కొట్టినవాళ్ళ ఏడు తరాలనూ పేరుపేరునా తలుచుకుంటూ గల్లీ చుట్టి బడి గేటు దాకా వచ్చింది. గేట్లోకి వచ్చి చూస్తే కొట్టింది ఆడమనిషి. పాపం, తిట్లు సగంలో మింగాల్సి వచ్చింది. ఆయన శ్రీహిత తండ్రి సాయిలు, పక్కనున్న పాల డెయిరీ యజమాని.

శాలిబండలో మెయిన్‌రోడ్డు వదిలి లోపలికి తిరిగితే ఒక సన్నటి గల్లీ. దానికి ఒక పక్క బీరువాలు చేసే కార్ఖానా, ఇంకో పక్క సాయిలు డెయిరీ, రెంటి మధ్యా ఇరుక్కుని ఈ సర్కారు హైస్కూలు. కార్ఖానాలో రేకులు కొట్టే చప్పుడు పిల్లలకు అలవాటే, డెయిరీ వాసన అంతకంటే అలవాటు. బడికి గ్రౌండ్ అని ఒకటుంది. గ్రౌండ్ అనడం మర్యాద కోసం. నీళ్ళ ట్యాంకు, మధ్యాహ్నం వంటచేసే షెడ్డు, వరండా మెట్లు పోగా మిగిలిన మట్టి అది. అయితే ఒక మాట చెప్పుకోవాలి. ఒకే గదిలో ఇంటిల్లిపాదీ పడుకునే ఇళ్ళ నుంచి, షేర్ ఆటోలు మోకాళ్ళు గీరుకుంటూ పోయే గల్లీల నుంచి వచ్చే పిల్లలకు కాళ్ళు చాచి పరుగెత్తే జాగా ఊరు మొత్తంలో ఇదొక్కటే. అది కూడా వారానికి రెండు పీరియడ్లే.

ఆ రెండు పీరియడ్లకే ఎసరొచ్చింది.

"సదర్‌కు తయారు జేస్తున్న మేడం దాన్ని," అని సాయిలు హెడ్‌మాస్టరమ్మ గదిలో నిలబడి మొర పెట్టుకున్నాడు. హెడ్‌మాస్టరమ్మను అందరూ పెద్ద మేడం అంటారు. "నేను సీటీ కొడితే లేవాలె, మంది సూడాలె. ఆర్నెల్లు బట్టింది నేర్పనీకి. ఇప్పుడు గీ మేడమ్మ కొడితే గూడ లేస్తున్నది. షెడ్డు పాయె, పాలు పాయె. రేపు దాని కాలిరిగితే నేనేం గావాలె?"

దీపావళి వెళ్ళిన రెండో రోజు పాలవాళ్ళ ఇళ్ళల్లో చేసుకునే సదర్ పండుగ గురించి ఆ గదిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. దున్నపోతుల్ని పూలతో, గవ్వలతో పెళ్ళికొడుకుల్లా ముస్తాబు చేసి, డప్పుల మధ్య ఊరేగించి, విన్యాసాలు చేయించి, ఎవరి దున్న గొప్పదో ఏడాది పొడుగునా చెప్పుకుంటారు. ఆ పండుగకు ఇంకా మూడు వారాలే ఉంది.

"దానికి ఇంకో గుర్తు నేర్పు సాయిలూ," అంది పెద్ద మేడం. "సీటీ లేకుంటే పిల్లలను ఎట్ల ఆపుతం?"

"పండుగ ముంగట పెట్టుకొని మార్చుమంటరా?" సాయిలు నిజంగానే నొచ్చుకున్నాడు. "మీ పిల్లలకే నేర్పుకోర్రి మేడం, సీటీ లేకుంట ఆగుడు. వాళ్ళు మనుషులే గద."

లెక్కల కైలాసం సారు గొంతు సవరించుకున్నాడు. మంచి మనిషే. పిల్లలకు భిన్నాలు రావని రాత్రిళ్ళు నిద్ర మానుకునే రకం. "ఎందుకు మేడం ఈ లొల్లి? ఆ పీరియడ్లు నాకియ్యుర్రి. ఇప్పుడు పునాది వేస్తే పదోక్లాసుల ఫికర్ ఉండదు. రాహేలు మేడం మధ్యాహ్న భోజనం చూసుకుంటది."

రాహేలుకు ఒళ్ళు మండింది. ఆటల టీచరు ఉద్యోగం కోసం ఎన్ని పరీక్షలు రాసింది, ఎన్ని మైదానాల్లో కాళ్ళు విరగ్గొట్టుకుంది, ఇప్పుడు గుడ్లు లెక్కపెట్టడానికా? "సీటీ లేకుంటనే ఆడిస్త మేడం," అంది. నోరా, వీపుకు తేకే అని ఊరికే అనలేదు పెద్దలు.

పెద్ద మేడం గోడ మీది క్యాలెండరు చూసింది. "దీపావళి సెలవుల ముందు శుక్రవారం నేనొచ్చి కూసుంట. క్లాసు మొత్తం ఆడాలె. లొల్లి కావద్దు, దెబ్బలు తాకొద్దు, ఆగుమంటే ఆగాలె. గట్ల చూపిస్తే పీరియడ్లు నీయి. లేకుంటే ఈ ఏడాదంత కైలాసం సారుయి. సరేనా?"

సరేనని వచ్చేసింది రాహేలు.

ఆమెకు సీటీ ఇవాళ్టిది కాదు. తండ్రి ప్రకాశం ఆర్టీసీలో కండక్టరు చేసి రిటైరయ్యాడు. అఫ్జల్‌గంజ్ నుంచి బయల్దేరే బస్సుల్లో ఆయన ఊదే సీటీకి అంత బస్సు టక్కున ఆగడం, రెండు సీటీలు వరసగా ఊదితే మళ్ళీ కదలడం, ముందు సీట్లో కూర్చుని చూస్తూ పెరిగిన పిల్ల. వేలెడంత వస్తువులో అంత బలం ఉంటుందని ఆమెకు అప్పుడే నమ్మకం కుదిరింది. ఆటల టీచరు అయ్యేదాకా ఆ నమ్మకం వమ్ము కాలేదు. ఇప్పుడు ఒక దున్నపోతు వచ్చి దాన్ని కాస్తా నోట్లోంచి ఊడబెరికింది.

ఏ ఆట అన్నదానికి పెద్దగా ఆలోచించలేదు. బంతాట పెడితే బంతి ఒకరి చేతిలో, మిగతావాళ్ళు ప్రేక్షకులు. కబడ్డీకి మట్టి చాలదు. ఖోఖో అయితే సామాను అక్కర్లేదు, అందరికీ పని ఉంటుంది. కొందరు వరసగా గొంతుక్కూర్చుంటారు, ఒకరు అటు ముఖం, ఒకరు ఇటు ముఖం. తరిమేవాడు వచ్చి కూర్చున్నవాళ్ళ వీపు తట్టి 'ఖో' అంటాడు. తట్టించుకున్నవాడు లేచి తరమాలి, తట్టినవాడు ఆ జాగాలో కూర్చోవాలి. తట్టకుండా లేస్తే తప్పు. రాహేలు సున్నంతో గ్రౌండు మొత్తాన్ని చిన్న చిన్న వరసలుగా గీసింది. పుస్తకంలో ఉన్న కొలతలు ఈ మట్టికి సరిపోవు గనుక పుస్తకాన్ని పక్కన పెట్టింది. అన్ని వరసల్లోనూ ఒకేసారి ఆట. మెట్ల మీద కూర్చుని జడలు అల్లుకునే వాళ్ళకు ఆ వీలే లేకుండా చేసింది.

గీతలు గీయడం తేలికే. ఆపడం దగ్గర వచ్చింది చిక్కు. "నేను చెయ్యెత్తితే ఎక్కడోళ్ళు అక్కడ కూసోవాలె," అని చెప్పింది. పిల్లలు బుద్ధిగా తలూపారు. ఆట మొదలయ్యాక ఆమె చెయ్యెత్తి నిలబడింది. నిలబడే ఉంది. ఆటలో మునిగిన పిల్లకు దేవుడు ప్రత్యక్షమైనా, ఒక్క నిమిషం ఆగు స్వామీ, వీణ్ణి ఔట్ చేసి వస్తా అంటుంది. చెయ్యి నొప్పి పుట్టిందే గానీ ఒక్కరూ చూడలేదు. ఇద్దరు ఢీకొట్టుకున్నారు. స్వీటీ అనే పిల్ల మోచెయ్యి గీరుకుపోయింది. అంజన్ అనే పోకిరి గోడెక్కి "దిల్‌దార్! దిల్‌దార్!" అని దున్నను పిలిచాడు. వరండాలోంచి కైలాసం సారు తల అడ్డంగా ఊపుతూ లోపలికి వెళ్ళిపోయాడు. రెండో పీరియడ్ అంతే. మూడోదీ అంతే. ఆమె మాట వాళ్ళ మీద దున్నపోతు మీద వాన కురిసినట్టే జారిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో రాహేలు అన్నం కలిపి తినకుండా కూర్చుంది. "నాతోని కాదు బాపూ. సగం మంది నా దిక్కు ముఖం పెట్టి కూసుంటరు, సగం మంది అటు దిక్కు. అటున్నోళ్ళకు నా చెయ్యి ఎట్ల కనవడుతది? మళ్ళ సీటీనే కావాలె."

ప్రకాశం నవ్వాడు. "సీటీ సీటీ అంటవ్ గని, బస్సుల మంది ఫుల్లుంటే నా సీటీ డ్రైవరుకు యాడ ఇనవడుతుండె బిడ్డా? నేను ఎనకాల ఇరుక్కుంటుంటి. పక్కోని భుజం తట్టి 'ఆపుమను' అంటుంటి. వాడు ముంగటోని తట్టుడు, వాడు వాని ముంగటోని తట్టుడు. డ్రైవరు దాంక పోతుండె. సీటీ కంటె జల్ది పోతుండె."

"తట్టుడా?"

"ఆఁ, తట్టుడే. మంది మస్తుంటే మందే టెలిఫోన్ తీగ."

రాహేలు ముద్ద నోట్లో పెట్టుకుంది గానీ నమలలేదు. ఖోఖో అంటేనే తట్టడం కదా! ఇన్నాళ్ళూ కళ్ళ ముందే పెట్టుకుని ఊరంతా వెతికింది. తన తెలివికి తనే నొసలు కొట్టుకుంది.

తర్వాతి పీరియడ్ నుంచి నియమం మారింది. మేడం చెయ్యి చూసినవాళ్ళు నోరెత్తకుండా పక్కవాళ్ళ వీపు రెండుసార్లు తట్టాలి. ఒకసారి తడితే లేవడం, రెండుసార్లు తడితే ఆగడం. తట్టించుకున్నవాళ్ళు ఇంకొకరిని తట్టాలి. పరుగెత్తేవాళ్ళు పక్కన ఎవరైనా తట్టుకోవడం కంటపడితే ఉన్నచోటే గొంతుక్కూర్చోవాలి. మేడం చెయ్యి దించేదాకా లేవకూడదు. మొదట నడుస్తూ నేర్పింది. తర్వాత మెల్లగా ఉరుకుతూ. పిల్లలకు ఇది ఆటలో ఇంకో ఆట అయింది. అంజన్ కావాలని గట్టిగా బాదడం, బాదించుకున్నవాళ్ళు తిరిగి బాదడం, మధ్యలో పంచాయితీలు. రాహేలు కోప్పడింది, బుజ్జగించింది, ఒకసారి ఏడ్చినంత పని చేసింది. శ్రీహిత మాత్రం ఒక మాట చెప్పింది.

"మేడం, మా బాపు గట్ల కొట్టడు. దిల్‌దార్‌కు నేర్పేటప్పుడు మెల్లగ తట్టుతడు. గట్టిగ కొడితే అది ఇనదు. ఇంగ దాని ముంగట ఎవ్వరు ఉరకొద్దంటడు. ఉరికేటోళ్ళను సూస్తే ఉరుకుతదట, కూసున్నోళ్ళను ముట్టదట."

దున్నపోతు సంగతేమో గానీ, మెల్లగా తట్టమన్న మాట పనికొచ్చింది. ఒకరోజు ఎండ తగ్గాక, ఆట మంచి జోరులో ఉండగా రాహేలు చెయ్యెత్తింది. స్వీటీ చూసింది. తట్టింది. ఆ తట్టు వరస చివరికి వెళ్ళింది, పక్క వరసకు దూకింది, ట్యాంకు చుట్టూ తిరిగింది. అరుపులు ఒక మూల నుంచి ఆరిపోతూ వచ్చాయి. రాహేలు చూస్తుండగానే గ్రౌండంతా కూర్చుండిపోయింది. కార్ఖానాలో సుత్తి చప్పుడు, వంటషెడ్డులో గిన్నెలు కడిగే చప్పుడు వినిపించాయి. అంతమంది పిల్లలు ఊపిరాడక రొప్పుతూ ఆమె ఎత్తిన చేతి వంక చూస్తున్నారు. ఆమె నోరు తెరవలేదు, పెదవి కదపలేదు. అరచేతిలో ఇంత ఉందా అని తన చేతిని తనే కొత్తగా చూసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ అది ఒక్కసారి. పెద్ద మేడం ముందు మళ్ళీ అవుతుందో లేదో ఎవరికెరుక?

శుక్రవారం రానే వచ్చింది.

పెద్ద మేడం వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. పక్కన కైలాసం సారు నిలబడ్డాడు. ఆయన ముఖంలో సంతోషం ఉందని చెప్పలేం గానీ, భిన్నాలు మాత్రం ఉన్నాయి. మర్నాటి నుంచి సెలవులు. పిల్లల ఒంట్లో అప్పుడే పండుగ దూరింది. రాహేలు మెడలో సీటీ వేలాడుతూనే ఉంది. అది లేకుండా గ్రౌండులోకి దిగడం ఆమెకు చెప్పుల్లేకుండా దిగినట్టుంటుంది. చెయ్యెత్తి దించింది. ఆట మొదలైంది.

మట్టి లేచింది. "ఖో! ఖో!" అని ఏ వరసకా వరస కేకలు. పరుగెత్తేవాళ్ళు వరసల మధ్య పాముల్లా మెలికలు తిరుగుతున్నారు. పెద్ద మేడం ముందుకు వంగి చూస్తోంది. ఒకసారి స్వీటీ అంజన్‌ను ట్యాంకు దగ్గర ముట్టుకుంటే పెద్ద మేడం పెదవి కొద్దిగా కదిలింది. నవ్వే అయ్యుండాలి. రాహేలు ఇంకాసేపు ఆడించి, అందరూ ఒళ్ళు మరిచాక చెయ్యెత్తుదామని చూస్తోంది.

అప్పుడు గల్లీ మొదట్లో సీటీ మోగింది.

ఆటోలు అడ్డదిడ్డంగా ఇరుక్కుని దారి మూసుకుపోతే వాటిని కదిలించడానికి ఎవరో హోంగార్డు ఊదిన సీటీ అది. ఆయన పని ఆయన చేశాడు. అదే వేళకు సాయిలు దిల్‌దార్‌కు స్నానం చేయించి, పండుగ ముందు కాళ్ళు సాగాలని నడిపించుకుంటూ వచ్చి ఆటోల వెనక ఆగి ఉన్నాడు. సీటీ వినగానే దిల్‌దార్ నేర్చుకున్న పాఠం అప్పజెప్పింది. లేచింది. సాయిలు చేతిలోని పగ్గం తెగినంత పనై జారిపోయింది, ఆయన మురుగు మోరీలో పడ్డాడు. గల్లీలో జనం కెవ్వుమని కేకలేశారు. బెదిరిన ప్రాణి ఇంటికి పరుగుతీసింది. ఇంటి గేటు కంటే ముందు బడి గేటు వస్తుంది. అది బార్లా తెరిచి ఉంది.

రాహేలు గేటుకు ఎదురుగా నిలబడి ఉంది కాబట్టి ముందు చూసింది ఆమే. గేటు నిండిపోయింది. గోడ మీదుగా చూసిన రోజున అది సగమే కనిపించిందని అప్పుడర్థమైంది. కడిగిన ఒంటి మీద నీళ్ళు ఇంకా కారుతున్నాయి. ముక్కుపుటాల నుంచి బుస్సుమని ఊపిరి. మెడ కింద కండలు అలలుగా కదులుతున్నాయి. ఇద్దరు పిల్లలు దానికి నాలుగడుగుల దూరంలో, వెనక్కి చూడకుండా ఒకరినొకరు తరుముకుంటున్నారు.

రాహేలు చెయ్యి సీటీ మీదికి వెళ్ళింది. అది ఆమె తెలిసి చేసింది కాదు. పిల్లల్ని ఆపాలంటే ఆ చెయ్యికి తెలిసిన మొదటి దారి అదే. సీటీ పెదాల దాకా వచ్చింది కూడా. ఊదితే పిల్లలు ఆగుతారేమో. ఊదితే అది లేస్తుంది. లేచి ఎవరి మీద దిగుతుంది? సీటీని వదిలేసి, యెహోవా దేవా అని లోపల్లోపల అనుకుంటూ చెయ్యి పైకెత్తింది.

ఎవ్వరూ చూడలేదు.

'ఖో' అని అరుపు. ఇంకొక 'ఖో'. దున్నపోతు తల దించి మట్టిని గిట్టతో గీరింది. వరండాలో పెద్ద మేడం కుర్చీలోంచి లేచి, అరవబోయిన నోటిని అరచేత్తో తనే మూసుకుంది. కైలాసం సారు స్తంభాన్ని పట్టుకున్నాడు. రాహేలు చెయ్యి అలాగే ఉంది. చూడండి నాయనా, చూడండి తల్లీ, ఒక్కరు చూస్తే చాలు.

స్వీటీ చూసింది.

మేడం చేతిని చూసింది గానీ దున్నను చూడలేదు, అది తన వీపు వెనక ఉంది. పక్కవాడిని రెండుసార్లు తట్టింది, మెల్లగా, నేర్పినట్టే. వాడు ఇంకొకరిని. రాహేలు కళ్ళ ముందే ఆ తట్టు వరసల గుండా పాకింది. ముఖం గేటు వైపున్నవాళ్ళు దున్నను చూశారు, రెప్పలు పెద్దవయ్యాయి, అయినా ముందు పక్కవాళ్ళ వీపు తట్టారు. పరుగెత్తుతున్న ఇద్దరిలో ఒకడు అంజన్. వాడు తల తిప్పాడు, చూశాడు, ఉన్నచోటే గొంతుక్కూర్చున్నాడు. కూర్చుని, పక్కనున్న పిల్లను తట్టాడు. గోడలెక్కే పోకిరి వాడు. ఆ క్షణాన వాణ్ణి చూస్తే రాహేలుకు ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

గ్రౌండు నిశ్శబ్దమైంది. కార్ఖానాలో సుత్తి కూడా ఎందుకో ఆగింది.

దిల్‌దార్ తలెత్తింది. తరమడానికి ఉరికేవాళ్ళు లేరు, అరిచేవాళ్ళు లేరు. చెవులు ఒకసారి ఆడించి, అడుగు ముందుకు వేసింది. మొదటి వరస, రెండో వరస మధ్యనున్న సున్నపు దారిలోకి వచ్చింది. ఆ దారి పిల్లల కోసం గీసింది. దాని ఒళ్ళు అటూ ఇటూ వాళ్ళ భుజాలకు తాకుతుందేమో అన్నట్టుంది. అడుగు తీసి అడుగు వేస్తుంటే నేల దబ్బుమంటోంది. ఒక్కొక్క పిల్ల పక్క నుంచి ఆ నల్లటి కొండ నడిచిపోతుంటే, ఆ పిల్ల కళ్ళు మాత్రమే దాని వెంట కదులుతున్నాయి, ఒళ్ళు కదలడం లేదు. ఒకడి నెత్తి మీద తడి తోక రాసుకుంది. వాడు కళ్ళు గట్టిగా మూసుకుని, పెదవులు బిగబట్టి, కూర్చునే ఉన్నాడు. రాహేలు ఎన్నో ఆటలు ఆడింది, ఎన్నో పోటీలు చూసింది. పరుగెత్తడంలో గొప్ప చూసింది, గెలవడంలో చూసింది. కదలకుండా కూర్చోవడంలో ఇంత గొప్ప ఉంటుందని ఆమెకు ఏ కోచూ చెప్పలేదు. ఈ పిల్లలు ఆ ప్రాణిని నమ్మి కూర్చోలేదు. తన చేతిని నమ్మి కూర్చున్నారు. ఆ మాట తట్టగానే ఆమెకు దున్నను చూసినప్పటికంటే ఎక్కువ భయం వేసింది.

వరస చివర శ్రీహిత కూర్చుని ఉంది, ముఖం అవతలికి. అది ఎవరి అడుగుల చప్పుడో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా వెనక్కి తిరగలేదు. దిల్‌దార్ ఆమె వెనక ఆగింది. వాసన చూసింది. తర్వాత తడి మూతితో ఆమె వీపును ఒక్కసారి పొడిచింది.

శ్రీహిత లేచింది. తట్టించుకున్నవాళ్ళు లేవాలి కదా. నిదానంగా తిరిగి, వేలాడుతున్న పగ్గం అందుకుని, "పా దిల్‌దార్, ఇంటికి వోదాం," అంది. ఆ బక్కపిల్ల ముందు నడుస్తుంటే అంతటి దున్నపోతు తల వంచుకుని వెనక నడిచింది. గేటు దగ్గరికి ఒళ్ళంతా బురదతో సాయిలు పరుగెత్తుకొచ్చాడు. గ్రౌండులో కూర్చున్న పిల్లల్ని చూసి రెండు చేతులూ జోడించాడు. ఎవరికి దండం పెట్టాడో ఆయనకే తెలియాలి. పగ్గం తండ్రికిచ్చి శ్రీహిత తిరిగి వచ్చింది. తన జాగాలో, అవతలికి ముఖం పెట్టి, మళ్ళీ గొంతుక్కూర్చుంది.

పెద్ద మేడం మెట్లు దిగి గ్రౌండులోకి వచ్చింది. శ్రీహిత దగ్గర ఆగి, "నిన్నెవరు లేవుమన్నరే?" అంది. గొంతులో కోపం లేదు.

"దిల్‌దార్ ఖో ఇచ్చింది మేడం."

ఎక్కడో ఒక వరసలో కిసుక్కుమని నవ్వు వినిపించి, వెంటనే ఆగిపోయింది. అయినా ఒక్కరూ లేవలేదు. గేటు మూశారు, దున్న వెళ్ళిపోయింది, భయం వెళ్ళిపోయింది, పిల్లలు మాత్రం అలాగే ఉన్నారు. కొందరి కాళ్ళు తిమ్మిరెక్కి వణుకుతున్నాయి. అందరి చూపూ ఒక్కచోటే ఉంది. పెద్ద మేడం ఆ చూపుల వెంట తల తిప్పి చూసింది. అక్కడ రాహేలు నిలబడి ఉంది. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. చెయ్యి ఎత్తి ఉన్న సంగతే ఆమె మరిచిపోయింది.

వరండాలోంచి కైలాసం సారు, "మేడం, ఇంగ బెల్లు కొట్టిస్త," అన్నాడు.

"బెల్లుకు ఇంకా టైముంది సార్. ఇది ఆటల పీరియడ్," అంది పెద్ద మేడం, ఆయన వంక చూడకుండానే. పమిట చెంగుతో ముఖం తుడుచుకుని, వరసల మధ్య సున్నపు దారిలోంచి పక్కకు తప్పుకుని నిలబడింది. "చెయ్యి దించు రాహేలూ. పిల్లలు చూస్తున్నరు."

రాహేలు చెయ్యి దించింది. గ్రౌండంతా ఒక్కసారిగా లేచింది.